తిరగేసి చూసిన మిఠాయి

చికున్‌గున్యా జ్వరం గద్వాల వీధుల్ని విడిచిపెట్టి పోయింది గానీ కిష్టయ్య నోటిని మాత్రం విడిచిపెట్టలేదు. ఏం పెట్టినా చేదంటాడు. జొన్నరొట్టె చేదు, పెసరపప్పు చేదు, ఆఖరికి పెరుగన్నం కూడా చేదే. రెండు ముద్దలు తిని మొహం గోడవైపు తిప్పుకుంటాడు. దవాఖానలో డాక్టరు అతని భార్య జోగులమ్మను పక్కకు పిలిచి, "తింటేనే లేస్తాడమ్మా. ఇక మందులతో అయ్యేదేం లేదు" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకు మగ్గం మీద చెయ్యి ఆడలేదు. పెళ్లయిన నాటి నుంచీ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చీరలు నేసినవాళ్లు. ఖాళీగా ఉన్న ఆ పక్కచోటు చూస్తే ఆమెకు ఏడుపొచ్చేది.

అలాంటి రోజుల్లో చీరల షావుకారు వెంకటేశం పలకరించడానికి వచ్చాడు. పలకరింపు ఇంత, ముచ్చట అంత. కొత్తకోట దగ్గర పెద్ద రోడ్డు మీద అద్దాల మిఠాయి దుకాణం పడిందట. మనిషి దగ్గరికి పోతే చాలు, తలుపు దానంతటదే తెరుచుకుంటుందట. బెంగళూరు పోయే కార్లన్నీ అక్కడ ఆగి తీరాల్సిందేనట.

"ధర ఇంటే కండ్లు తిరుగుతయ్. ఆడ ఒక్క ముక్కకు పెట్టే పైసలతోని మనం కిలో జిలేబి తినొచ్చు" అన్నాడు వెంకటేశం.

గోడవైపు ఉన్న మొహం మెల్లగా ఇటు తిరిగింది.

"గంత ధరనా? ఏముంటది దాంట్ల, షావుకారీ?" అన్నాడు కిష్టయ్య. మోచేతి మీద లేస్తూ, "జర తినాలనిపిస్తుంది" అన్నాడు.

జోగులమ్మకు అంతకన్నా ఏం కావాలి? తెల్లారి పనులన్నీ పక్కన పడేసి బస్సెక్కింది. బీచుపల్లి వంతెన మీద బస్సు నెమ్మదించింది. కింద కృష్ణమ్మ పొగమంచులో ఉందో లేదో తెలియకుండా పారుతోంది. కిటికీకి తల ఆనించిన జోగులమ్మకు నిద్రో మెలకువో తెలియలేదు. బస్సు నీళ్లమీదే పోతున్నట్టు, కిష్టయ్య పక్కసీట్లో కూర్చుని ఏదో నములుతున్నట్టు అనిపించింది.

తలుపు నిజంగానే దానంతటదే తెరుచుకుంది. లోపల చల్లగా ఉంది. వెలుతురు ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు గానీ ఎవరి నీడా నేల మీద పడటం లేదు. మిఠాయి దుకాణమన్నాక నెయ్యి వాసన ముక్కుపుటాలు అదరగొట్టాలి కదా, ఇక్కడ ఏ వాసనా లేదు. వెండిరేకు కప్పుకున్న ముక్కలు పళ్లేల్లో వరుసగా కూర్చుని, కొనేవాళ్లనే తక్కువ చేసి చూస్తున్నట్టున్నాయి.

ధర వెంకటేశం చెప్పినంతే ఉంది. అయినా జోగులమ్మ బేరమాడలేదు. తను నేసిన చీరను చేత్తో పట్టుకుని "దీనికింతనా?" అనేవాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట. ధర వెనక ఎవరి కష్టం ఉందో ఎవరికి తెలుసు? అందుకే, కొనే ముందు చీరను ఎలా చూస్తారో అలాగే చూసింది. ముక్కను రెండు వేళ్లతో ఎత్తి తిరగేసింది. జరీ పని మంచిచెడ్డలు వెనక వైపే తెలుస్తాయి మరి.

"అయ్యో పెద్దమ్మా!" అని అరిచింది కౌంటరు దగ్గర అమ్మే పిల్ల, రోజా. "ముట్టుకుంటివా! ఇంక దాన్ని ఎవరికి అమ్మాలె?"

"ఎనక సూడకుంటె పని మంచిదో కాదో ఎట్ల తెలుస్తది బిడ్డా?"

వెండిరేకు సగం జోగులమ్మ వేళ్లకే అంటుకుంది. తెచ్చుకున్న పైసలు ఆ ఒక్క ముక్కకే సరిపోయాయి. దాన్ని చీర పట్టేంత పెట్టెలో పెట్టిచ్చారు.

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరింది. కిష్టయ్య కాస్త కొరికాడు. జోగులమ్మ అతని నోటివంకే చూసింది.

"తియ్యగుంది" అన్నాడు. అంతే. మిగిలింది పెట్టెలో పెట్టేశాడు.

ఆమెకు ఆ దుకాణం మీద, వెంకటేశం మీద, వాసన లేని ఆ చల్లదనం మీద కోపం వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువగా భయం వేసింది. ఇక పెట్టడానికి ఏం మిగిలింది?

"ఒక్కటే తెచ్చినవేందే?" అన్నాడు కిష్టయ్య.

చెప్పక తప్పలేదు. దుకాణంలో జరిగిందంతా చెప్పింది.

"తిరగేసినవా!" అంటూ కిష్టయ్య నవ్వాడు. జ్వరం వచ్చాక అదే మొదటి నవ్వు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. "ఎనక ఏముండె మరి?"

"ఏం లేదు. ఉత్తదే."

"ఆడ ఇంకేమేం ఉండె?"

జోగులమ్మ పళ్లెం దగ్గరికి జరుపుకుంది. రొట్టె తుంపి, పప్పులో నాన్చి, తలుపు సంగతి చెబుతూ ఒక ముద్ద పెట్టింది. వింటూ మింగేశాడు. చల్లదనం చెప్పింది, ఇంకోటి మింగాడు. చేదన్న మాటే లేదు. సగం పళ్లెం అయ్యేసరికి నిజాలు అయిపోయాయి.

నూలు విషయంలో కూడా ఏనాడూ అబద్ధమాడని మనిషి, అప్పుడు నోటికొచ్చింది చెప్పడం మొదలుపెట్టింది. నడుమ పన్నీటి ఫౌంటెను ఉందంది. కోవా తినేవాళ్లకు వేరే గది, అందులోకి చెప్పులిడిచి పోవాలంది. బాదం పాలు పోసేటామె కట్టింది మన గద్వాల చీరే, నేను గుర్తుపట్టిన, అంది. కిష్టయ్య కళ్లు ఎక్కడో ఉన్నాయి, నోరు మాత్రం ఆమె చేతి దగ్గరే ఉంది. ఆ ముక్క ఆ ధర చెయ్యదు. ఆ దుకాణం మాత్రం చేస్తుంది అనుకుంది జోగులమ్మ.

"ఆ మూలకు మెట్లుండె" అంది చివరి ముద్ద పెడుతూ.

"మీద ఏముండె?"

పళ్లెం ఖాళీ. కిష్టయ్య ఇంకా నోరు తెరిచే ఉన్నాడు.

"ఉండు, ఇంకో రొట్టె తెస్త" అని ఆమె లేచింది. పొయ్యి దగ్గర నిలబడి, కళ్లు తుడుచుకుంటూ, ఆ దుకాణం మీద ఇంకో అంతస్తు కట్టడం మొదలుపెట్టింది.