చప్పుడుకి వచ్చేది

టక్... టక్.

నీళ్లలో చప్పుడు ఎటునుంచి వచ్చిందో మనిషికి తెలియదు. చుట్టూ అదే. ఎముకల్లో అదే.

నాగిసా చాకు పిడితో కెమెరా పెట్టె మీద రెండుసార్లు కొట్టి, కొంబు నాచు మధ్య కదలకుండా పడుకునేది. గాలి సిలిండరు కట్టుకునేది కాదు — బుడగలంటే సీల్ జంతువులకు బెదురు. ఒక్క ఊపిరి పట్టి దిగడం, అది అయిపోగానే పైకి రావడం. నిమిషంన్నర. ఒంట్లో బాగున్న రోజు రెండు.

నాచు ఊగేది. చన్నీళ్లు చెంపలు కొరికేవి.

అప్పుడు అది వచ్చేది.

జపాన్ ఉత్తరాన ఈ ఎరిమో తీరపు సీళ్ల ఒంటిమీద నాణేలు పరిచినట్టు మచ్చలుంటాయి. ఏ రెండింటికీ ఒక్కలా ఉండవు. దీనికి ఎడమ చెవి వెనక మూడు, పొయ్యిరాళ్లలా. అందుకే దాన్ని పొయ్యిరాళ్లు అని పిలుచుకునేది. నాలుగేళ్ల ఆడది. దాని వెనకే, రెండు బారల దూరంలో, ఒక బక్కపిల్ల. దానికింకా పేరు లేదు. పేరు పెట్టాలంటే మచ్చలు చూడాలి, మచ్చలు చూడాలంటే అది దగ్గరికి రావాలిగా.

పొయ్యిరాళ్లు కూడా మొదట్లో పారిపోయేదే. తర్వాత దూరంనుంచి చూసేది. మూడో ఏట కెమెరా అద్దానికి ముక్కు ఆనించింది. ఈ చప్పుడు నాదే, నావల్ల నీకు ఏ హానీ లేదు — ఇంత చిన్న మాట చెప్పడానికి మూడేళ్లు పట్టింది నాగిసాకు.

ఆ ఫొటో జాలర్ల సంఘం ఆఫీసులో, టీ కెటిల్ పైన, గోడకు ఉంది. కళ్లు ఇంతింత చేసుకుని చూస్తూ ఉంటుంది.

అంత నమ్మకం... ఎవరినైనా మనవైపు అలా చూడనివ్వాలంటేనే భయం వేస్తుంది.

నాగిసా తండ్రి కిసాబురోది సాల్మన్ వల. సముద్రంలో కట్టేసి ఉంచే పెద్ద వల అది. చేప ఆ వల నోట్లోంచి దూరి, చివరి గదికి చేరి, అక్కడ చిక్కుతుంది. దాని వెనకే సీలూ దూరుతుంది. దారి తప్పితే పైన కప్పు కూడా వలే — ఊపిరి అందదు. తలలు కొరికేసిన సాల్మన్లు చేతికొస్తుంటే సీళ్లను ముద్దుపెట్టుకునేంత మహానుభావులు ఆ ఊళ్లో లేరు.

ఏడేళ్లప్పుడు నాన్న పడవలో చచ్చిన సీలును చూసి నాగిసా మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు.  ఆయన అది మరిచిపోలేదు.

నాలుగేళ్ల కిందట కూతురు సప్పొరో నగరం వదిలి కెమెరాతో ఇంటికొచ్చేసింది. ఆ సీజన్ నుంచే ఆయన ఒక పని మొదలుపెట్టాడు. తెల్లవారుజామున, వల ఎత్తేముందు, చివరి గది పక్కనే ఆగి, గెడతో పడవ అంచును రెండుసార్లు కొట్టేవాడు. సిగరెట్టు కాలేంతసేపు ఆగేవాడు. చప్పుడుకి బెదిరిన సీళ్లు వెనక్కి తిరిగి వల నోట్లోంచి బయటపడేవి.

"చుట్టాలకి మేళం వాయించి మరీ సాగనంపుతాడు మా పెద్దాయన," అని నవ్వేవాడు పడవలో పనిచేసే మోరియో.

ఇది ఆయన కూతురికి చెప్పలేదు. తన చప్పుడు సంగతి ఆమె తండ్రికి చెప్పలేదు. ఆయన వేళ తెల్లవారుజాము, ఆమె వేళ మధ్యాహ్నం. ఆ ఇంట్లో ప్రేమ గురించి మాట్లాడుకునే అలవాటు లేదు.

అలవాటు ఉంటే బాగుండేది.

సెప్టెంబరులో ఒక ఉదయం. రేవు గట్టుమీద టార్పాలిన్. దాని పక్కన నాన్న, టోపీ చేతిలో పట్టుకుని.

"కొట్టాను, నాగిసా," అన్నాడు. "నాలుగేళ్లుగా రోజూ కొడుతున్నాను, వల ఎత్తేముందు... నీకు చెప్పలేదులే. ఇవాళా కొట్టాను. మిగతావన్నీ బయటికి పోయాయమ్మా."

"ఇదొక్కటే తిక్కది," అన్నాడు మోరియో. ఇవాళ నవ్వలేదు. "కొట్టేకొద్దీ లోపలికే వచ్చింది. ఇట్లాంటి సీలుని నేనెక్కడా చూడలా."

నాగిసా టార్పాలిన్ ఎత్తింది. ఎడమ చెవి వెనక మూడు మచ్చలు.

చప్పుడుకి దూరంగా పోతే వల నోరు. దగ్గరికి వస్తే చివరి గది.

తనను పిలిచారనుకుంది. పాపం, వచ్చింది.

ఇంటి దగ్గర మీసో సూప్ ముందు నాన్న చాలాసేపు కూర్చున్నాడు. "సరిగ్గా వినపడలేదేమో దానికి," అన్నాడు చివరికి. "రేపట్నుంచి ఇంకాస్త గట్టిగా కొడతాలే."

తన చప్పుడు సంగతి చెబితే — ఆయన చేసిన ఒక్క మంచిపనీ ఆయన చేతుల్లోనే చచ్చిపోతుంది. కొట్టడం మానేస్తే తక్కిన సీళ్లకు దిక్కెవరు? చెప్పకపోతే... ఆ చప్పుడు నేర్చుకున్నది ఇంకొకటి ఉంది.

నాగిసా నోరు తెరిచింది.

"చల్లారిపోతోంది. తాగు, నాన్నా."

మర్నాడు మొదటిసారి ఆమె తెల్లవారుజామున దిగింది. వలకు కాస్త ఎడంగా. నీళ్లింకా బూడిద రంగులోనే ఉన్నాయి. దూరంగా నాన్న పడవ నీడ.

బక్కపిల్ల ఉంది. ఒంటరిగా. ఎప్పటిలాగే రెండు బారల దూరంలో.

టక్... టక్.

నాన్న. అన్నట్టుగానే గట్టిగా.

వలలోని సీళ్లన్నీ ఒక్కసారిగా బయటికి దూసుకుపోయాయి. బక్కపిల్ల మాత్రం పోలేదు. తల అటు తిప్పింది.

నాగిసా చేతులు విసిరింది. అది ఆట అనుకుంది. బెదరొద్దని చెప్పడానికే ఇన్నేళ్లూ సరిపోయాయి, బెదిరించడం ఆమెకు చేతకాదు.

అది వల వైపు ఒక బార కదిలింది. ఇంకో బార.

ఇక జన్మలో కొట్టనని నిన్న ఆ టార్పాలిన్ పక్కన ఒట్టు పెట్టుకుంది నాగిసా.

కొట్టింది.

అది వెనక్కి తిరిగింది. వచ్చింది — ఎన్నడూ రానంత దగ్గరికి. అద్దానికి ముక్కు ఆనించింది. గొంతు కింద నాలుగు మచ్చలు, వరసగా. ఇప్పుడు పేరు పెట్టొచ్చు. ఆమె పెట్టలేదు. ఫొటో తీయలేదు.

నాన్న కొట్టాడు. అది అటు చూసింది.

ఆమె కొట్టింది. ఇటు చూసింది.

నాన్న కొట్టాడు. ఆమె కొట్టింది.

ఛాతీ మండుతోంది. ఊపిరి అయిపోతోంది. పైకి వెళ్లాలి. వెళ్తే, నీళ్లలో నాన్న చప్పుడొక్కటే మిగులుతుంది.

టక్...