చిటికెడు మీఠ్

మరాఠీ నాకు రాదు. రాదని చెప్పుకోవడానికి సిగ్గూ లేదు. మా మరిది సమ్మన్నకు మాత్రం ‘తెలియదు’ అన్న మాట నోటి నుంచి వచ్చేది కాదు. అల్లపల్లి టేకు డిపోలో లారీలకు దుంగలెత్తి, అక్కడి కాంట్రాక్టర్లు, అదే ఠేకేదార్ల దగ్గర నాలుగు ఉర్దూ ముక్కలు పట్టుకొచ్చి, అదే మరాఠీ అనుకుని మా అందరి మీదా సవారీ చేసేవాడు. తాలూకా ఆఫీసు నుంచి కాగితం వచ్చినా, బస్సు కండక్టరుతో తగాదా అయినా ముందుకు ఉరికేది అతనే. మేమూ ఉరకనిచ్చాం. సిరోంచకు దిగువన ప్రాణహిత ఒడ్డున ఉన్న మా ఊళ్లో తెలుగు తప్ప మరో మాట ఎవరికి కావాలి? నదికి అవతలా తెలుగే, ఇవతలా తెలుగే. సర్కారు ఒక్కటే మరాఠీ.

అతని భార్య రాజవ్వ నా తోటికోడలు. పెళ్లై వచ్చేనాటికే ఆమెకు కడుపు జబ్బు. తిన్నది నిలవదు. కొన్నాళ్లు బాగుంటే మరికొన్నాళ్లు చెంబు పట్టుకుని చేను గట్టుకు తిరగడమే పని. జిగట పడేది, నెత్తురు పడేది. మొదటి కడుపు సగంలోనే జారిపోయింది. పెద్ద గోదావరి వచ్చిన ఎనభై ఆరులో మళ్లీ నెల తప్పింది. ఈసారి ఎలాగైనా నిలబెట్టుకోవాలని ఆమె పడ్డ ఆరాటం చూస్తే నాకు కోపం వచ్చేది. ఎవరి మీదో తెలియదు కాని వచ్చేది. ఆకలి లేకున్నా తినేది, తిన్నది పోగానే కడుక్కుని వచ్చి మళ్లీ కంచం ముందు కూర్చునేది.

మా అత్త లక్ష్మక్క కోడలికి చప్పిడి పత్యం పెట్టింది. విరేచనాలయ్యేవాళ్లకు మా దిక్కున అందరూ పెట్టేదే. ఉప్పు లేదు, కారం లేదు, మెత్తగా ఉడికిన అన్నంలో చుక్క నెయ్యి, అంతే. ఉప్పు పేగుల్ని కోస్తుందని అత్త నమ్మకం. ఆమెను నేను తప్పు పట్టను. తన పిల్లల్ని ఆ పత్యంతోనే బతికించుకున్న మనిషి.

ఐదో నెల నిండు ఎండాకాలంలో వచ్చింది. మా ఊరి అడవిశాఖ గేటు, జంగ్లాత్ నాకా దగ్గరికి నెలకోసారి జీపులో ఒక నర్సుబాయి వచ్చేది. వార్ధా దిక్కు మనిషి. కొత్తగా వచ్చింది, తెలుగు ఒక్క ముక్క రాదు. రాజవ్వను త్రాసు మీద నిలబెట్టి ముల్లు చూసి పెదవి విరిచింది. చేతి మీద చర్మం గిల్లి వదిలితే అది మడతగా అలాగే నిలబడిపోయింది. అప్పుడు సమ్మన్న వైపు తిరిగి గబగబా ఏదో చెప్పింది. మేమిద్దరం సమ్మన్న మొహం చూశాం.

"ఏమంటది?" అన్నాను.

"పేగుల్ల పుండ్లున్నయట. గోలీలు ఇస్తదట. గని ఒంట్ల నీళ్లు ఆగాలె, బరువు పెరగాలె. లేకుంటె కడుపుల పిల్లకు ఏం అందదట. బరువు పెరగకపోతె చాందా పెద్ద దవాఖానకు పోవాలె అంటుంది."

"తాగిన నీళ్లు తాగినట్టె పోతున్నయని చెప్పు."

చెప్పాడు. నర్సుబాయి చేతులతో కొలత చూపిస్తూ చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "తాంబ్యాభర్ పాణీ, మూఠ్‌భర్ సాఖర్, చిమూట్‌భర్ మీఠ్."

"చెంబెడు కాచిన నీళ్లల్ల పిడికెడు చక్కెర, చిటికెడు బెల్లం," అన్నాడు సమ్మన్న.

"చక్కెర ఏసినంక మళ్ల బెల్లం ఎందుకు?"

"సాఖర్ అంటె చక్కెర. మీఠా అంటె తీపి, గది గూడ ఎర్కలేదా? గందుకె మీఠ్ అంటె బెల్లమన్నట్టు. రెండు కలిస్తె తాకత్."

"జర మళ్ల అడుగు, సమ్మన్నా."

"ఏంది వదినె, ఆమె ముంగట నా ఇజ్జత్ తీస్తవా?"

నేను చెంబు తీసుకుని లేచాను. రాజవ్వ అప్పటికే చెట్ల చాటుకు పరుగెత్తింది.

సమ్మన్నకు పెళ్లాం మీద ప్రేమ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పొద్దున లేస్తూనే తానే పొయ్యి రాజేసి నీళ్లు కాచేవాడు, గుడ్డతో వడగట్టేవాడు, చక్కెర పోసి బెల్లం చిదిమి కలిపేవాడు. అలాంటి మగవాణ్ణి మా వాడలో నేను చూడలేదు, నా మొగుడితో సహా. రాజవ్వ ఆ పానకాన్ని చెంబులకు చెంబులు తాగేది. ఎంత తాగితే అంతకు రెండింతలు పోయేది. సాయంత్రానికి పిక్కలు పట్టేసి మంచం కోడు కొరికేది.

ఇప్పపువ్వు కొనే షావుకారి దగ్గర పెద్ద కాంటా ఉండేది. అంగడి రోజున సమ్మన్న ఆమెను అక్కడికి తీసుకుపోయేవాడు. ఒక పళ్లెంలో రాజవ్వ మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే మరో పళ్లెంలో కిందటి అంగడినాటి లెక్కకే ఇనుపరాళ్లు పెట్టేవాళ్లు. "ఏం సమ్మన్న, పెండ్లాన్ని అమ్ముతున్నవా?" అని ఆడవాళ్లు ఆటపట్టించేవాళ్లు. రాజవ్వ కూడా నవ్వేది. రాళ్ల పళ్లెం కిందికి దిగగానే ఆమె నవ్వు ఆగిపోయేది. సమ్మన్న ఒక చిన్న రాయి తీసేసి మళ్లీ చూసేవాడు. ప్రతి అంగడికీ ఒక రాయి తీయాల్సి వచ్చేది.

ఒకరోజు నేను పాలు తాగే నా కొడుకును నిద్రపుచ్చి మామిడికాయ ముక్కలు ఉప్పులో ఊరేస్తున్నాను. రాజవ్వ వచ్చి పక్కన కూలబడింది.

"అక్కా, నోరంత సప్పగున్నదె. ఒక్క ఉప్పురవ్వ పెట్టవా?"

వాకిలి వైపు చూసి ఒక దొడ్డుప్పు రవ్వ ఆమె అరచేతిలో పెట్టాను. దాన్ని పటికబెల్లంలాగా బుగ్గన పెట్టుకుని కళ్లు మూసుకుంది. అంతలో అత్త లోపలికి వచ్చింది. "పత్యం ఇడిసి పిల్లను సంపుకుంటవా?" అని ఒక్క అరుపు అరిచింది. రాజవ్వ గబుక్కున ఆ రవ్వను చేతిలోకి ఉమ్మేసింది. అత్తకు భయపడి కాదు. పిల్ల అన్న మాటకు.

మరుసటి నెల జీపు వచ్చినప్పుడు ముల్లు ఇంకా కిందికే ఉంది. నర్సుబాయి చెంబులో వేసినట్టు వేళ్లు ఆడిస్తూ సమ్మన్నను నిలదీసింది. "మీఠ్ ఘాల్తా నా?"

"హో బాయి! జాస్త్ మీఠ్!"

ఆమె కంగారుగా చేతులూపింది. "జాస్త్ నకో! చిమూట్‌భర్!"

"ఇన్నవా వదినె, బెల్లం జర తక్కువ జెయ్యమంటుంది," అన్నాడు సమ్మన్న.

ఆమె అడగాల్సింది అడిగింది, అతను చెప్పాల్సింది చెప్పాడు. ఇద్దరికీ తృప్తి. మధ్యన రాజవ్వ ఎండిపోతూ నిలబడింది. ఇక చాందాకు పోవాల్సిందేనని నర్సుబాయి గట్టిగా చెప్పింది. రాజవ్వే ఒప్పుకోలేదు. ఆ బస్సు కుదుపులకు ఈ కడుపు కూడా జారిపోతుందని ఏడ్చింది. ఆమెను బతిమాలుతుండగానే వానలు పట్టుకున్నాయి.

ఆ ఏడు వానల గురించి కొత్తగా చెప్పేదేముంది? ప్రాణహిత, గోదావరి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఊళ్ల మీదికి ఎక్కాయి. బస్సులు ఆగిపోయాయి. వాగుల మీద దారి తెగింది. జీపు మాట మరిచిపోయాం. రాజవ్వ మంచం దిగడం మానేసింది. నన్ను పట్టుకుని "అమ్మా" అని పిలిచేది. మాట ముద్దగా వచ్చేది. పిల్ల మాత్రం లోపల కదులుతూనే ఉంది. సమ్మన్న పానకం పోస్తూనే ఉన్నాడు.

నీళ్లు కొంచెం తీసిన నాడు నర్సుబాయి వచ్చింది. వాగు అవతల జీపు వదిలేసి, మోకాళ్ల దాకా బురదతో, రాజవ్వ పేరు చెప్పి ఇల్లు అడుగుతూ నడిచి వచ్చింది. ఆమె చెప్పిన నీళ్లు పనిచేయలేదని నాకున్న కోపంలో సగం అక్కడే పోయింది. మంచం పక్కనున్న చెంబు ఎత్తి ఒక్క గుక్క నోట్లో పోసుకుంది. మింగలేదు.

"మీఠ్ కుఠే ఆహే?"

సమ్మన్న పరుగున పోయి బెల్లం అచ్చు తెచ్చి చూపించాడు. "హే, బాయి. మీఠ్."

ఆమె ఆ అచ్చును పక్కకు తోసింది. తరువాత ఎవరినీ అడక్కుండా వంటింట్లోకి పోయి ఒక్కొక్క కుండ మూత తీసి చూసింది. ఒక కుండలో చెయ్యి పెట్టి పిడికిలి బిగించి వచ్చి సమ్మన్న మొహం ముందు తెరిచింది.

"హే మీఠ్! హే!"

దొడ్డుప్పు ఆమె వేళ్ల సందుల్లోంచి నేల మీద రాలింది.

"ఉప్పా?" అన్నాడు సమ్మన్న. "ఉప్పంటె నమక్ గద బాయి... నమక్ అంటరు గద..." అతను తెలుగులోనే మాట్లాడుతున్నాడని కూడా అతనికి తెలియలేదు. మా అత్త గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

నర్సుబాయి తానే నీళ్లు కలిపి చెంచాతో పోసింది. కాసేపటికి రాజవ్వ చెంబు తన చేత్తోనే పట్టుకుంది. చివరి చుక్క దాకా తాగి నా వైపు చూసింది.

"ఇవి మంచిగున్నయె అక్కా. ఇన్ని దినాలు గివే ఇయ్యకపోతిరి."

ఆ సాయంత్రమే నొప్పులు మొదలయ్యాయి. మంచం మీద మోసుకుపోదామంటే వాగు మళ్లీ నిండింది. ఎనిమిదో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. కోడిపిల్లంత ఉంది కాని ఏడ్చింది. ఆ ఏడుపు రాజవ్వ విన్నది. వినే ప్రాణమే మిగిలింది ఆమెకు. తెల్లారకముందే అదీ పోయింది. నర్సుబాయి గడపలో కూర్చుని మరాఠీలో ఏదేదో అంటూ ఏడ్చింది. దానికి సమ్మన్న అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది. నాకు మాత్రం ఆమెను ఒక్కటే అడగాలనిపించింది. ఒక్కసారి చేసి చూపిస్తే అయిపోయేది కదా, తల్లీ. ఒక్క చిటికెడు మా కళ్ల ముందు వేసి చూపిస్తే అయిపోయేది కదా.

మూడో నాడు పిట్టకు పెట్టడానికి ఏటి ఒడ్డుకు పోయాం. చనిపోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని అర్థం. అన్నం పెట్టాం, మామిడికాయ తొక్కు పెట్టాం. కాకి కొమ్మ మీద కూర్చుని దిగలేదు.

"పిల్లను మంచిగ సాదుకుంటం బిడ్డా, తిను," అంది అత్త. దిగలేదు.

"నా కొడుకుతోని సమంగ నా పాలిస్తున్న, రాజవ్వా," అన్నాను. అయినా దిగలేదు.

అప్పుడు సమ్మన్న లేచాడు. అంగీ జేబులోంచి ఉప్పు తీశాడు. ఆకుదొప్పలో ఏటి నీళ్లు పోసి, ముందు చిటికెడు వేశాడు. కాసేపు చూసి ఇంకో చిటికెడు వేశాడు. దొప్పను విస్తరి పక్కన పెట్టి, "ఉప్పేసిన," అన్నాడు. "ఈసారి ఉప్పే ఏసిన. తాగు."

కాకి దిగింది. అన్నం ముక్కున పట్టుకుని ఎగిరిపోయింది. ముట్టింది, ముట్టింది అనుకుంటూ అందరూ బట్టలు దులుపుకుని లేచారు. నీళ్ల దొప్పను అది చూడనైనా లేదు. సమ్మన్న ఒక్కడూ ఇసుకలో దాని ముందే కూర్చున్నాడు. నేను వెళ్లి భుజం మీద చెయ్యి వేశాను.

"వదినె, మీఠ్ తక్కువైందో ఎక్కువైందో నాకు తెల్వది," అన్నాడు. "జర నువ్వు అడుగు."