పుణ్యవతి కార్డులు

ఊడుస్తుంటే సోఫా కింద నుంచి రబ్బరు పొట్టు వచ్చింది. రసజ్ఞ చీపురు పక్కన పెట్టి చిటికెడు అరచేతిలోకి తీసుకుంది. ఇంట్లో బడికెళ్ళే పిల్లల్లేరు. ఉన్నది తను, భర్త జశ్వంత్. ఇద్దరూ మాదాపూర్ కంపెనీల్లో కంప్యూటర్ల ముందు బతికేవాళ్ళే, పెన్సిలు పట్టుకుని ఎన్నేళ్ళయిందో. మరి ఈ మణికొండ ఫ్లాట్‌లో రబ్బరుతో ఎవరు దేన్ని చెరిపినట్టు?

అనుమానించడానికే ఆమెకు జీతం. పదకొండేళ్ళుగా ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే టెస్టరు. ఆమె పట్టుకున్న తప్పుని మీటింగులో పక్క సీటు అజయ్ తను పట్టుకున్నట్టే చెప్పేస్తాడు. "నోట్సు నువ్వు రాసుకో రసజ్ఞా, నీకు ఓపికెక్కువ" అంటాడు మేనేజరు. ఇంటికొచ్చి ఏదైనా రెండోసారి అడిగితే, "ఆఫీసు బుర్ర ఆఫీసులోనే వదిలేసి రా" అంటాడు జశ్వంత్.

కానీ ఈమధ్య జశ్వంత్‌లో అడగాల్సినవి చాలానే కనిపిస్తున్నాయి. ఆమె మేనత్త పుణ్యవతి కాకినాడ పోస్టాఫీసులో గుమాస్తాగా చేసి, పెళ్ళి మాట ఎత్తనివ్వకుండానే బతికి, మాఘమాసంలో పోయింది. పోతూ పోతూ 'ఇది మా రసజ్ఞకి' అని చీటీ అంటించిన రేకుపెట్టె ఒకటి వదిలింది. అందులో రెండు వందల పన్నెండు క్రికెట్ కార్డులు. ఆవిడ చిన్నతనంలో బబుల్‌గమ్ పొట్లానికొకటి చొప్పున వచ్చినవి. ప్రతి కార్డు వెనకా పెన్సిలుతో సన్నటి రాత. పదో రోజున అక్కడే కూర్చుని రసజ్ఞ కొన్ని చదివింది. 'శ్రీనుగాడి లెక్కలు మూడు రోజులు చేసిపెడితే ఇదొక్కటి ఇచ్చాడు.' 'నాన్న రేడియో కట్టేశాడు. పక్కింటి గోడకి చెవి ఆనించి విన్నా. గెలిచాం.' 'అమ్మ కొట్టింది. కార్డు నలగలేదు.' మిగతావి తీరిగ్గా చదువుకోవాలనుకుంది. ఆ తీరికే ఇంతవరకూ దొరకలేదు.

పెట్టె ఇంటికొచ్చిన రోజున, "ఆడమనిషికి ఈ బొమ్మల పిచ్చేంటి?" అని నవ్వాడు జశ్వంత్. అత్తగారు ఫోనులో, "పెళ్ళి కాని మనిషి కదమ్మా, ఎవడిచ్చాడో ఏంటో!" అని దీర్ఘం తీసింది. రెండు నెలలపాటు ఆ పెట్టెని కాలితో పక్కకి జరిపినవాడు, ఇప్పుడు ఆదివారాలు దాన్ని ముందేసుకుని కూర్చుంటున్నాడు. ప్లాస్టిక్ తొడుగులు తెప్పించాడు. తన సాక్సులెక్కడుంటాయో తెలియని మనిషి కార్డుల్ని సంవత్సరాల వారీగా సర్దుతున్నాడు. "నీకెందుకు శ్రమ, నేను చూసుకుంటాగా" అని టీ కూడా పెట్టిచ్చాడు. ఆ టీ గుటక వేస్తున్నప్పుడే ఆమెకి మొదటిసారి భయమేసింది.

పొట్టు అరచేతిలో ఉండగానే పెట్టె తెరిచింది. ఒక్కో తొడుగులో రెండేసి కార్డులు, వీపులు కలిపి. బొమ్మలే కనిపిస్తున్నాయి. ఒకటి బయటికి లాగి తిప్పింది. తెల్లగా ఉంది. ఇంకోటి, అదీ తెల్లగానే. లెక్కపెడితే చెరిపినవి ఇరవై నాలుగు తేలాయి. ఏడు అసలు లేనేలేవు. ఉతకడానికి విప్పేసిన అతని చొక్కా జేబులో, నానక్‌రామ్‌గూడలో పాత నాణేలూ స్టాంపులూ కొనే దుకాణం చీటీ దొరికింది.

మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్ళింది. దుకాణం నర్సింహది. ఆమె చూపిన కార్డు చూడగానే గుర్తుపట్టాడు.

"ఈ మాలు నాకెరుకే అమ్మా. జశ్వంత్ సారు ఏడు తెచ్చిండు, రేటు చూడమని. ఎనక రాతలుంటే ఎవడు కొనడు, సాఫ్ చేయమన్న. మంచిగనే చేసిండు."

"ఎవరివని చెప్పారు?"

"ఆళ్ళ నాయినవట. బుల్లిబాబు గారు. ఎంత ఓపికమంతుడో, ఒక్క మూల గూడ నలగలే." నర్సింహ ఆమె మొహం చూసి ఆగాడు. "ఏమైందమ్మా? కాదా?"

మామగారు పేకముక్కలు తప్ప వేరే కార్డు ముట్టి ఎరగడు. రసజ్ఞ తన ఫోనులో దాచుకున్న, పెట్టె మీది మేనత్త చీటీ ఫొటో చూపించింది. "మా మేనత్తవి. రసజ్ఞని నేనే. అమ్మడానికి కాదు."

నర్సింహ చీటీ చదివి, లోపల్నుంచి ఏడు కార్డులూ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "నమ్మకం మీద ఇచ్చిపోయిండు, నేనింకా పైసా ఇయ్యలే. తీస్కపోండి. జర వెలుగుకు అడ్డంగ పట్టి చూడుండ్రి, పెన్సిలు నొక్కు కనవడ్తది."

ఆటోలో వెలుతురు వైపు పట్టుకుని చూసింది. మూడింటి మీద కొన్ని అక్షరాలు దొరికాయి. నాలుగింటి మీద ఏమీ లేదు.

సాయంత్రం జశ్వంత్ వచ్చేసరికి కార్డులన్నీ భోజనాల బల్ల మీద పరిచి ఉన్నాయి. అతను ముందు ఉలిక్కిపడి, తర్వాత సర్దుకున్నాడు.

"చెబుదామనే అనుకున్నా. మనిద్దరి కోసమే కదా? కారు మారుద్దామని నువ్వే అన్నావు."

"మీ నాన్నవని ఎందుకు చెప్పావు?"

"ఆడవాళ్ళు దాచారంటే నమ్మరు రసజ్ఞా. రేటు తగ్గిస్తారు. పోయినావిడకి పేరుతో పనేముంది?"

ఆమెకి అరవాలనిపించింది. అరిస్తే రేపటికి ఆ అరుపొక్కటే కథగా మిగులుతుంది, అత్తగారి దాకా వెళుతుంది. అందుకని ఒక తెల్ల కార్డు అతని ముందుకు జరిపింది.

"దీని మీద ఏం రాసుంది?"

"ఏదో రాసుంది. ఏంటంటే ఎలా చెప్పను?"

"చెరిపింది నువ్వే కదా."

"చెరిపాను. చదవలేదు." విసుక్కున్నాడు. "చదవడానికి ఏముంది అందులో, పెన్సిలు గీతలు."

ఆ ఒక్క మాటతో తొమ్మిదేళ్ళ కాపురం ఆమె కళ్ళకి స్పష్టంగా కనిపించింది. తను చెప్పినవీ, వద్దన్నవీ, ఏడ్చినవీ అన్నీ అతను ఇలాగే శుభ్రం చేసుకుంటూ వచ్చాడు. చదవకుండా.

రసజ్ఞ కుర్చీ లాక్కుని కూర్చుంది. బ్యాగులోంచి నల్ల ఇంకు పెన్ను తీసింది. చెరపని వాటిలో మొదటి కార్డు తిప్పి, అత్త పెన్సిలు అక్షరాల మీద అక్షరం తప్పకుండా ఇంకుతో దిద్దింది. కింద 'పుణ్యవతి' అని రాసింది.

"ఏయ్, పిచ్చా నీకు? ఇంకు పడితే రూపాయి కూడా రాదు!" జశ్వంత్ చెయ్యి అడ్డం పెట్టబోయాడు. ఆమె తలెత్తి చూసింది. చెయ్యి ఆగిపోయింది.

"కుక్కర్ నువ్వు పెట్టు, గ్లాసున్నర బియ్యం," అంది రసజ్ఞ. రెండో కార్డు తీసి, రాయడానికి ముందు నిదానంగా చదవడం మొదలుపెట్టింది.