చల్లారకముందే

తేమా రేవు దగ్గర చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ఏ పని ఎప్పుడు జరగాలో ముందుగా రాసిపెట్టడం ఎసీనామ్ ఉద్యోగం. పడవ ఆలస్యమైతే ఆ రాతంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి పట్టుకుని ఫ్యాక్టరీ మొత్తాన్నీ కంప్యూటర్లోకి దింపింది. చేపలు కోసే బల్లలు, డబ్బాలు నింపే వరస, వాటిని ఉడికించే ఆవిరి కుక్కర్లు, అన్నీ బొమ్మలే. తెరమీద మీటలు అటూ ఇటూ జరిపితే రేపటి పని ఎక్కడ ఇరుక్కుంటుందో ఇవాళే తెలిసిపోయేది. ఎవరైనా వాడుకునేలా ఉండాలని మేనేజర్ లాంప్టీకి దగ్గర కూర్చుని నేర్పింది కూడా.

ఆ వారం పక్క దేశంలోని అబిజాన్ నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. పడవేమో రాలేదు. ఎసీనామ్ ఎన్ని రకాలుగా నడిపి చూసినా గడువు దాటిపోయి తెర ఎర్రబడుతోంది. చిక్కంతా కుక్కర్ల దగ్గరే. ఉడికాక లోపలి ఆవిరి దిగేదాకా తలుపు తియ్యకూడదు. కుదరదని లాంప్టీకి చెప్పేసి, పడవ కబురు కనుక్కోవడానికి రేవుకి వెళ్లింది.

పడవ ఆ రాత్రికి వచ్చింది. మర్నాడు పొద్దున ఆమె వచ్చేసరికే పని నడుస్తోంది, బోర్డుమీద కొత్త కాగితం ఉంది. అంతా పచ్చగా, గడువులోపలే. అడుగున, ప్రోగ్రామ్ ఎప్పుడూ అచ్చువేసే తన పేరు. కుక్కర్ చల్లారే సమయం సగానికి సగం తగ్గించి ఉంది. చదువుతుండగానే లోపలినుంచి కేక వినిపించింది.

కుక్కర్ చూసుకునే అగ్బెకో నేలమీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి మోచేతిదాకా ఉడికిపోయింది. ఆడవాళ్లు నీళ్లు పోస్తున్నారు. ఎసీనామ్ పక్కన కూలబడింది.

"ఇంకా తియ్యకూడదని నీకు తెలుసు కదా బాబాయ్."

"తెలుసు. కానీ కింద నీ పేరుందమ్మా. అమ్మాయి ఏదో లెక్క చూసే ఉంటుందిలే అనుకున్నాను."

విచారణలో లాంప్టీ ప్రోగ్రామ్ చూపించిందే చేశానన్నాడు. చల్లారే సమయం మీట జరిపింది ఆయనేనని, జరపడానికి వీలుగా వదిలింది మాత్రం తనేనని ఎసీనామ్ చెప్పింది. ఆర్డరు పోయింది. చేపలు కోసే వాళ్లలో సగంమందిని రావద్దన్నారు. వాళ్లలో కోర్కోర్ అత్త గేటు దగ్గర నిలేసింది.

"మా బల్లలు ఖాళీ అయ్యాయిగా, ఇక నీ బొమ్మలతోనే కోయించుకో."

ఎసీనామ్ తలవంచుకుని లోపలికి వెళ్లి, ఆ మీటని తీసేసింది.

లాంప్టీని టకొరాడీలో ఇంకో ఫ్యాక్టరీకి మార్చారు. వెళ్తూ ఆ మీట ఉన్న పాత ప్రోగ్రామే పట్టుకెళ్లాడని తర్వాత తెలిసింది. అక్కడ తనలాగే పని రాసిపెట్టే కుర్రాడికి ఫోన్ చేస్తే, భలే తేలిగ్గా ఉంది మేడమ్, సార్ రోజూ వాడుతున్నారు అన్నాడు. వాడొద్దంటే నవ్వాడు.

ఆమె సెలవు పెట్టి టకొరాడీ బస్సు కోసం స్టేషన్‌కి వెళ్లింది. సంగతి విని అప్పటికే అగ్బెకో అక్కడికి వచ్చి ఉన్నాడు. వేళ్లు ముడుచుకోని చెయ్యి ఒళ్లో పెట్టుకుని మొక్కజొన్న పిండి ముద్ద, కెంకే, తింటున్నాడు.

"నువ్వెందుకు బాబాయ్, ఇంత ఎండలో?"

"నువ్వు చెబితే నవ్వుతారు. ఈ చెయ్యి చూస్తే నవ్వరు. పద, ఎక్కు."