ఆరో రాయి దగ్గర దించిన కుండ

"ఈ ఏడు పాపాయికి కూడా ఓ చిన్న కుండివ్వు. ఆరో రాయి దగ్గర నిలబెడదాం. ఇప్పట్నించే అలవాటవుద్ది" అన్నాడు ఏసుపాదం, అరుగు మీద కాళ్లు బారచాపుకుని.

అతని పిక్కలకు ఆముదం రాస్తున్న సంపూర్ణమ్మ చేతులు ఆగాయి. పాపాయి వాళ్ల కూతురు. పదేళ్లది. అప్పుడే పెరట్లో కోడిపిల్లను తరుముకుంటూ రెండు చుట్లు తిరిగొచ్చింది. కోడిపిల్లకి ఆయాసం వచ్చింది గానీ పాపాయికి రాలేదు.

"ఆపేవేం, రాయి" అన్నాడు ఏసుపాదం. ఆమె మళ్లీ రాసింది.

ఏటా వేసవిలో మరమ్మతుల కోసం కాలువ కట్టేసిన రోజున ఎగువ లాకు నుంచి నిడదవోలు లాకు దాకా గట్టు మీద పరుగు పందెం పెడతారు. ఏడు మైళ్లు, మైలుకో రాయి. నిడదవోలు లాకు తలుపు దుంగ మీద ముందుగా ఎవరి చెయ్యి పడితే వాడికి ఎర్ర తలపాగా, దాంతోపాటు ఏడాది పాటు నీటి మట్టం చీటీని ఆ లాకు నుంచి ఈ లాకుకు మోసుకొచ్చే ఉద్యోగం. ఐదేళ్లుగా ఆ తలపాగా ఏసుపాదందే. చర్చిలో పాదిరిగారు కూడా కుర్రాళ్లకి అతన్నే చూపించి, కష్టపడితే ఇలా ఉంటుందని చెబుతారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న సంపూర్ణమ్మకు నవ్వొచ్చేది. చర్చిలో నవ్వకూడదు కాబట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

పందెంలో పరిగెత్తే మగాడికి మైలు మైలుకీ తరవాణి, అదే పులిసిన గంజినీళ్లు, అందించాలి. ఎండలో అది లేకపోతే గుండె ఆగిపోతుందంటారు. అందించేది ఇంటి ఆడదే. తక్కినవాళ్లకి అక్కలున్నారు, వదినలున్నారు, రాయికొకరు చొప్పున ముందే వెళ్లి నిలబడతారు. ఏసుపాదానికి ఉన్నది ముసలి తల్లి, పెళ్లాం. తల్లి సూరమ్మ నడవలేదు. అందుకని ఆరు రాళ్ల దగ్గరా సంపూర్ణమ్మే నిలబడాలి. పందెం మొదలయ్యేచోట అతని పైగుడ్డ అందుకుని నడుముకు చుట్టుకునేదీ ఆమే. అంటే అందరికన్నా వెనక బయలుదేరి, కుండ చంకనెత్తుకుని, మగాళ్లందర్నీ దాటి, మొదటి రాయి దగ్గర నిలబడి, అతనొచ్చాక ముంత అందించి, అతను తాగి ముందుకుపోయాక మళ్లీ అతన్ని దాటి రెండో రాయి చేరుకోవాలి. అలా ఆరు సార్లు. ఆరో రాయి దగ్గర తరవాణి ఇచ్చేసి ఆడవాళ్లు ఆగిపోవాలి. ఆ తర్వాత మైలు మగాళ్లది. చప్పట్లన్నీ ఉండేది ఆ మైల్లోనే.

పైగా ఆ కుండ నేలకు తగలకూడదు. తగిలితే ఆ ఇంటి మగాడు ఓడిపోతాడని నమ్మకం. "ఒక్కసారి దించావో, నా కొడుకు కొంప ముంచినట్టే" అని సూరమ్మ ఏటా కోడలికి చెప్పి పంపేది. పోయినేడు ముంత ఒలికించిందని కొడుకు చెబితే విని వారం రోజులు సాధించింది. "ఆడు పరిగెడతాడు, నువ్వు కుండ మోస్తావు. అంతేగా? దానికే ఇంత ఆయాసమా తల్లీ!"

అంతేగా. ఆ మాట సంపూర్ణమ్మ నాట్లేస్తూ అనుకునేది, పిడకలు కొడుతూ అనుకునేది. కోడి కూయకముందు లేచి నీళ్లు తెచ్చి, గంజి కాచి, ఉన్న ఒక్క గుడ్డూ పందెగాడని అతనికి పెట్టి, రెండు మైళ్ల దూరంలో ఉన్న కామందు చేలోకి పోయి వంగుని నాట్లేసి, మధ్యాహ్నం అత్తకి అన్నం పెట్టడానికి పరిగెత్తుకొచ్చి మళ్లీ పరిగెత్తుకుపోయేది. కల్లు ఎక్కువై ఏసుపాదం లేవని రోజున చీటీ కూడా ఆమే మోసేది. నిడదవోలు లాకులో గుమాస్తా అప్పాజీ గారు చీటీ అందుకుని, "ఏం, ఏసుపాదానికి ఒంట్లో బాగోలేదా? పాపం, బంగారం లాంటి కాళ్లు, జాగ్రత్తగా చూసుకో" అనేవారు. ఆయన ఎదురుగా దుమ్ము కొట్టుకుని నిలబడి ఉన్న కాళ్లు ఆయన కంటికి ఆనేవి కావు. పోనీ, ఆ కాళ్లున్న మనిషికే ఇన్నాళ్లూ ఆనలేదు. చీటీ ఇచ్చేసి ఖాళీ చేతులతో గట్టు మీద తిరిగి వచ్చేటప్పుడు మాత్రం, చూసేవాళ్లు లేకపోతే, ఆమె ఊరికే పరిగెత్తేది. ఎవరికీ ఏదీ అందించక్కర్లేని పరుగు. అలాంటప్పుడు ఆమెకు ఎంత సంతోషంగా ఉండేదంటే, ఇల్లు దగ్గర పడుతుంటే ఏడుపొచ్చేది.

తనకైతే సరే. పదమూడో ఏట పెళ్లయింది, కుండ చంకనెక్కింది, అది ఒంట్లో భాగమైపోయింది. కానీ పాపాయికా? ఇవాళ చిన్న కుండ, రేపు పెద్ద కుండ, ఎల్లుండి ఎవడో ఒకడి ఎర్ర తలపాగా కోసం గట్టు మీద ఆరు సార్లు నిలబడ్డం. కోడిపిల్లను మించి పరిగెత్తే ఆ కాళ్లు ఆరో రాయి దగ్గర ఆగిపోవడం నేర్చుకోవాలి. అదీ అలవాటవుద్దట.

ఆ నెలంతా సంపూర్ణమ్మ చేలోకి నడిచి వెళ్లలేదు, పరిగెత్తుకునే వెళ్లింది. సూరమ్మకు అనుమానమొచ్చి, "ఏంటే, ఎవరు తరుముతున్నారు?" అని అడిగింది. "పొద్దు తరుముతోంది అత్తా" అంది కోడలు.

పందెం నాడు పొద్దున్నే ఎండ చుర్రుమంటోంది. కాలువలో నీళ్లు తీసేశాక పడవలు బురదలో ఒరిగి పడి ఉన్నాయి. పాపాయిని వాళ్ల నాయనమ్మ తెల్లవారుజామునే ఎవరిదో బండెక్కించి ఆరో రాయి దగ్గరకు పంపేసింది. సంపూర్ణమ్మ గోచీ పోసి చీర బిగించుకుంది. కొమ్ము ఊదగానే ఏసుపాదం పైగుడ్డ విసిరి పరుగందుకున్నాడు. ఆమె దాన్ని నడుముకు చుట్టుకుని, కుండ ఎత్తుకుని, అందరికన్నా చివర బయలుదేరింది.

మొదటి రాయి దగ్గర ఇచ్చింది. రెండో రాయి దగ్గర ఇచ్చింది. మూడో రాయి దగ్గర అతను ముంత లాక్కుని, "సరిగ్గా పట్టుకోలేవూ, ఒలికిపోతంది" అని కసిరాడు. నాలుగు, ఐదు. ప్రతిసారీ ఆమె ముందు వచ్చి నిలబడింది, అతను వచ్చి తాగి పోయాడు, ఆమె మళ్లీ దాటింది. ఐదో రాయి తర్వాత అతన్ని దాటుతుంటే పక్కన అతని ఊపిరి రంపపు కోతలా వినిపించింది. తన ఊపిరి మామూలుగానే ఉంది.

ఆరో రాయి దగ్గర పాపాయి నిలబడి ఉంది. చంకలో చిన్న కుండ. ఎప్పట్నించి నిలబడిందో, మొహం కమిలిపోయింది. చెయ్యి తిమ్మిరెక్కినా కుండ మార్చుకోవడానికి కూడా భయపడుతోంది.

"నేల మీద పెట్టొద్దంది నాయనమ్మ. పెడితే నాన్న ఓడిపోతాడంట కదమ్మా?"

సంపూర్ణమ్మ పిల్ల ముందు వంగింది. పిల్ల చంకలోంచి కుండ తీసుకుంది. దాన్ని నేల మీద పెట్టింది. దాని పక్కన తన కుండ కూడా దించింది. నడుముకు చుట్టుకున్న మొగుడి పైగుడ్డ విప్పి రెంటి మీదా కప్పింది, ఈగలు వాలకుండా. చుట్టూ ఉన్న ఆడవాళ్లు "అయ్యో, అయ్యో" అంటూ నోళ్లు నొక్కుకున్నారు.

"నువ్వు కాసేపు నీడన కూర్చోవే" అని కూతురితో చెప్పి, ఆరో రాయి దాటింది.

చంక ఖాళీగా ఉంటే రెండు చేతులూ ఊగుతాయని ఆమెకు పందెంలో అప్పుడే తెలిసింది. ఆ మైలు ఆమె ఒక్కతే పరిగెత్తింది. లాకు దగ్గర జనం కొట్టబోయిన చప్పట్లు మధ్యలో ఆగిపోయాయి. ఆమె తలుపు దుంగ మీద ఫెడీమని చరిచింది.

అప్పాజీ గారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "ఏమ్మా, ఇటొచ్చావు? మీ ఆయనేడీ?"

"వెనకొస్తున్నాడండి."

కాసేపటికి గంగరాజు వచ్చాడు. ఏటా రెండోవాడుగా వచ్చే పడవల గంగరాజు, ఈసారి ఏసుపాదాన్ని దాటేశాడు. అప్పాజీ గారు హమ్మయ్య అనుకుని ఎర్ర తలపాగా అతని చేతిలో పెట్టబోయారు.

"నాకెందుకండీ?" అన్నాడు గంగరాజు రొప్పుతూ. "ముందొచ్చింది సంపూర్ణమ్మ కదండీ. ఐదేళ్లనించి ఈ గట్టు మీద నేను చూస్తంది ఏసుపాదం ఈపు కాదండి, ఈవిడ ఈపు."

"ఆడమనిషికి చీటీ ఉద్యోగం ఎలా ఇస్తామయ్యా?"

"మొన్న చీటీ నేనే తెచ్చానండి" అంది సంపూర్ణమ్మ. "అంతకుముందు శుక్రవారందీ నేనే. మీరే అందుకున్నారు. తలపాగా మీకిష్టమొచ్చినోళ్ల నెత్తిన పెట్టుకోండి. ఎవరు ముందొచ్చారో అది మాత్రం ఇందరిలో పైకి చెప్పండి."

అప్పాజీ గారు తలపాగా రెండు చేతుల్లోనూ పట్టుకుని జనం వైపు చూశారు. జనంలోంచి ఎవరో నవ్వారు. ఇంకెవరో "చెప్పండి గుమాస్తా గారూ" అన్నారు. ఆయన గొంతు సవరించుకుని, దుంగ వైపు చూస్తూ, "సంపూర్ణమ్మ" అన్నారు. చిన్నగా అన్నారు గానీ, అందరికీ వినపడింది.

అప్పుడొచ్చాడు ఏసుపాదం. ఆరో రాయి దగ్గర ముంత అందించే చెయ్యి కనపడక ఆగకుండా వచ్చేశాడు, నాలుక పిడచకట్టుకుపోయింది. జనం వైపు చూడలేదు, తలపాగా వైపు చూడలేదు. అలవాటు కొద్దీ పెళ్లాం వైపు చెయ్యి చాచాడు.

"తరవాణేదే?"

"ఆరో రాయి దగ్గర నేల మీద పెట్టాను మావా" అంది సంపూర్ణమ్మ. "ఎళ్లి తాగిరా. వచ్చేటప్పుడు పాపాయి చేత పట్టించకు, ఆ రెండు కుండలూ నువ్వే మోసుకురా."