చూడటమే, రాయొద్దు

ఆరో స్క్రూ ఊడదీసి సీసా మూతలో వేశాక పిన్నీసు ఎడమ భుజం నొక్కుకున్నాడు. పొద్దున రెండో అంతస్తు మెట్లెక్కినప్పటి నుంచీ అక్కడ ఎవరో బరువు పెట్టి మరిచిపోయినట్టుంది. భుజం వదిలి ఏడో స్క్రూ పట్టుకున్నాడు.

చొక్కా జేబు అంచున ఎప్పుడూ మూడు పిన్నీసులు వేలాడుతుంటాయి కాబట్టి ఆ పేరు. సన్నటి ఒళ్లు, దారం కట్టిన కళ్లజోడు, టంకం చుక్కలు పడి నల్లబడ్డ బొటనవేలు. పాతికేళ్లుగా అదే రిపేరు బల్ల, అదే ఎత్తు స్టూలు. దుకాణం మేనల్లుడిది. ఇంటికెళితే మాట్లాడేవాళ్లు లేరు, దుకాణంలో ఇతను మాట్లాడడు. పది మాటలు దాటిన రోజున మేనల్లుడు, "ఇవాళ వర్షమే మామయ్యా" అనేవాడు.

పదకొండింటికి ఒకామె వచ్చి, గుడ్డ సంచిలోంచి పాత ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టింది. పెట్టాక కూడా చెయ్యి తియ్యలేదు.

"నాన్నదండీ. పోయి మూడు వారాలైంది. రెండేళ్లుగా మా ఇద్దరికీ మాటల్లేవు." దాని మూత మీది దుమ్ము తుడిచింది. "ఆ రోజు పొద్దుటి నుంచీ నాకే ఏదో రాస్తూ కూర్చున్నాడని పక్కింటి పిన్ని చెప్పింది. తెరిస్తే పాస్‌వర్డ్ అడుగుతోంది."

"తర్వాత ఆపేశారా, మూత పెట్టారా?"

"భయమేసి మూత పెట్టేశానండి."

"మంచి పని చేశారు."

పిన్నీసు ఒక చీటీ రాసి ఆ సంచికి గుచ్చాడు. విండోస్ తలుపు తీయనప్పుడు అతనికి ఒకటే దారి. పెన్‌డ్రైవ్‌లోంచి విండోస్‌కు బదులు పనిచేసే లినక్స్‌ను లేపి, అటు నుంచి డిస్కులో విండోస్ ఉన్న భాగాన్ని మౌంట్ చేస్తాడు, అంటే తెరుస్తాడు. వీధి తలుపు తాళం జోలికి పోకుండా పెరటి వైపు నుంచి ఇంట్లోకి వెళ్లినట్టు. ఇవాళా అదే చేశాడు. నల్లటి తెర మీద ఒక వరుస పడింది: విండోస్ నిద్రలో ఉంది, చదవడానికి మాత్రమే తెరుస్తున్నాను.

పిన్నీసు చేతులు కీబోర్డు మీది నుంచి లేచి ఒళ్లో పడ్డాయి.

మేనల్లుడు తొంగి చూశాడు. "బలవంతంగా మౌంట్ చేసెయ్ మామయ్యా. నిద్రా గిద్రా ఎగిరిపోతుంది, రాయడానికి వీలొస్తుంది, పాస్‌వర్డ్ మనమే మార్చేద్దాం. ఐదు నిమిషాల పని."

"నిద్రతోపాటు, నిద్రపోయేముందు తెరిచి ఉన్న కాగితాలూ పోతాయి."

"సేవ్ చేసుకోకుండా ఉంటాడా పెద్దాయన?"

"ఒకసారి చేశాను అట్లా."

"ఎవరిది?"

"మీ అత్తయ్యది."

మేనల్లుడు బల్ల దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు.

ఆరేళ్ల కిందటి సంగతి. ఆమె పోయిన రోజు మంచి ఫోటో ఒకటి కావాలన్నారు. ఇంటినిండా జనం, అందరికీ తొందర. ఆమె ల్యాప్‌టాప్ తెర మీద ఇదే వరుస పడితే పిన్నీసు బలవంతంగా మౌంట్ చేశాడు. ఫోటో దొరికింది. మర్నాడు వదిన అడిగింది, "నీకేదో చెప్పాలని వారం నుంచీ దాన్లో రాస్తోంది, చూపించిందా?" అని. డిస్కంతా జల్లెడ పట్టాడు. ఒక్క అక్షరం లేదు. నోరు విప్పని మొగుడికి రాసైనా చెబుదామనుకుందేమో. ఆ సంగతి ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆమె కుట్టు డబ్బాలోని పిన్నీసులు జేబుకు తగిలించుకుని, వచ్చిన ప్రతి సంచికీ ఒక చీటీ గుచ్చడం మొదలుపెట్టాడు.

ఇవాళ మాత్రం చదవడానికి మాత్రమే మౌంట్ చేసి, ఉన్నవన్నీ వేరే డిస్కులోకి కాపీ చేశాడు. ఉత్తరం లేదు. బల్ల పక్కనే కూర్చున్న కూతురి మొహం వాడిపోయింది. పిన్నీసు ఒక్కొక్క ఫైలే తెరుస్తూ పోయాడు. మందుల వేళలు, కరెంటాఫీసుకు ఫిర్యాదు, మళ్లీ మందులు. మధ్యాహ్నం మూడు దాటాక "మర్చిపోతే" అనే ఫైలు కనిపించింది. లోపల ఒకటే మాట.

"చిట్టెలుక ఎవరమ్మా?" అడిగాడు పిన్నీసు.

ఆమె చేత్తో నోరు మూసుకుంది. "నేనేనండీ."

పిన్నీసు లినక్స్‌ను ఆపి, పెన్‌డ్రైవ్ తీసి, విండోస్‌ను దాని మానాన లేవనిచ్చాడు. పాస్‌వర్డ్ అడిగిన చోట ఆమె తడబడుతూ ఆ మాట కొట్టింది. మూడు వారాల కిందటి తెర అట్లాగే లేచింది. సేవ్ చెయ్యని కాగితం, చివరి అక్షరం పక్కన కొట్టుకుంటున్న గీత. పిన్నీసు స్టూలు గోడవైపు తిప్పుకున్నాడు.

కాసేపటికి వెనక నుంచి నవ్వు వినిపించింది, ఆ నవ్వులోంచే ఏడుపు. "ఎంత మొండి మనిషండీ! ‘తప్పు నాదే చిట్టెలుకా, కొంచెం నీది కూడా’ అట."

"ముందు సేవ్ చెయ్యండమ్మా," అన్నాడు గోడవైపే చూస్తూ.

ఆమె వెళ్లాక, "ఐదు నిమిషాలు కళ్లు మూసుకుంటాను" అని గోడకు ఆనుకున్నాడు. మేనల్లుడు రెండు గ్లాసుల టీ తెచ్చాడు.

"ఇవాళ ఇరవై మాటలు దాటావు మామయ్యా. గొడుగు తెచ్చుకోవాల్సింది."

పిన్నీసు కళ్లు తెరవలేదు. జవాబు లేకపోవడం కొత్త కాదు గనక అతను తన టీ సగం తాగేశాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి, మెల్లిగా మామయ్య భుజం మీద చెయ్యి వేశాడు. పిన్నీసు తల ఒక పక్కకు వాలిపోయింది.

బల్ల మీద, ఆమె సంచి నుంచి తీసిన చీటీ అట్లాగే ఉంది. దానికి నోరు తెరుచుకున్న పిన్నీసు. పెన్సిలుతో వంకర అక్షరాలు: చూడటమే, రాయొద్దు.