కొసరు గంజి

చీరాల శివార్లలోని ఆ చిన్న ఎంజైమ్ యూనిట్‌లో ట్యాంకు చూసుకునేది పేరయ్య. ముప్పై ఏళ్లు మగ్గం నేసి, నడుము సహకరించక ఇక్కడ చేరాడు. నూలుకు పట్టించిన గంజిని నేత అయ్యాక బట్టలోంచి వదిలించే ఎంజైమ్‌ను బ్యాక్టీరియా చేత తయారు చేయించడం ఇక్కడి పని. కంటికి కనపడని జీవాల చేత చాకిరీ చేయించే సైంటిస్టు భానుశ్రీ అంటే పేరయ్యకు ఎంత గురి అంటే, ఆ పిల్ల రోజంతా ట్యాంకు ముందు నిలబడమన్నా నిలబడతాడు.

నాలుగేళ్లు వెతికి, వాడరేవు దారిలో అద్దకం షెడ్ల వెనక మట్టిలో ఆ బ్యాక్టీరియాను పట్టింది ఆమె. అలాంటిది రెండు బ్యాచ్‌లు వరసగా చతికిలపడ్డాయి. మూడోదీ పోతే ట్యాంకు ఆపేస్తామని మేనేజరు వేణుగోపాల్ చెప్పేశాడు.

"నా బ్యాక్టీరియాలోనే లోపం ఉందేమో బాబాయ్," అంది భానుశ్రీ కాగితాలు ముందేసుకుని. "పూటకు సరిగ్గా గిన్నెడు గంజే వీటికి మేతగా పోస్తున్నాంగా. అయినా ఆ గంజి విరిగి వచ్చే చక్కెర ట్యాంకులో మిగిలిపోతోంది. కడుపు నిండితే ఇవి ఎంజైమ్ చెయ్యవు. కాస్త ఆకలి మీద ఉంచితేనే చేస్తాయి."

గిన్నెడు పోశాక ఇంకో గరిటెడు కొసరు వెయ్యకుండా పేరయ్య ఏనాడూ ఉండలేదు. పడుగుకు గంజి పెట్టిన రోజుల నుంచీ అంతే. వాళ్ల వీధిలో కొసరు లేకుండా కొలిచేవాణ్ణి పీనాసి అంటారు. ఇంత కష్టపడే జీవాల దగ్గరా పిసినారితనం?

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ తప్పు తనది, అనుమానం ఆ పిల్ల నాలుగేళ్ల కష్టం మీద. అది అతనికి మింగుడు పడలేదు.

"లోపం నాదమ్మా," అని ఉన్నదంతా చెప్పేశాడు. "ఈసారి ఇంకెవర్నన్నా పెట్టుకో."

భానుశ్రీ కాగితాలు పక్కన పెట్టింది. తర్వాత గిన్నె అతని చేతికే ఇచ్చింది. "ఒక్క పూటా తప్పకుండా పోసింది మీరే. కొసరు మానెయ్యండి, చాలు."

మూడు రోజులూ ఆ కొలత పోస్తుంటే, పసివాళ్ల కంచంలోంచి ముద్ద తీసేసినట్టు అతని ప్రాణం ఉసూరుమంది. అయినా చెయ్యి జారనివ్వలేదు.

నాలుగోరోజు, ఆ ఎంజైమ్‌లో నానబెట్టిన గంజిగుడ్డ మీద భానుశ్రీ అయోడిన్ చుక్క వేసింది. గంజి మిగిలుంటే నీలం తిరగాలి. తిరగలేదు. ఇంకోచోట వేసింది. అక్కడా తిరగలేదు.

వేణుగోపాల్ గుడ్డను వెలుతురుకేసి పట్టి చూశాడు. "ఈసారి ఏం మార్చావమ్మా?"

"బ్యాక్టీరియా అదేనండి. పేరయ్యగారు చక్కగా మేపారు."

కూతురి ఈడు పిల్ల కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది పేరయ్యకు. బాగుండదని, గిన్నె కడిగే వంకతో అవతలికి వెళ్లి కళ్లు తుడుచుకున్నాడు.